రెండో డప్పు ఆఖరి దెబ్బ

ముందే చెప్పేస్తున్నాను, దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నవ్వు. బొల్లారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. మిషన్ చూపించిన రీడింగే రాస్తాను, అనుమానం వస్తే ఇంకోసారి చేస్తాను. కంపెనీ బస్సులో పక్క సీటావిడ తాయెత్తుల గురించి మొదలుపెడితే ఇయర్‌ఫోన్లు పెట్టుకునే రకాన్ని. అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను.

నాకు ఇంకో పిచ్చి కూడా ఉంది, జానపద పాటలకు లాప్‌టాప్‌లో దరువులు కట్టడం. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. మా చిట్కుల్ చుట్టుపక్కల మా బాపు పేరున్న డప్పు కళాకారుడే, కానీ నా చేతికి ఏనాడూ సిర్ర ఇవ్వలేదు. సిర్ర అంటే డప్పు మీద కుడిచేత్తో కొట్టే పొట్టి కర్ర. ఎడమచేతిలో ఉండే సన్నటిది సిటికెన పుల్ల. ఆడపిల్లకెందుకు అన్నాడు. సరేలెమ్మని నేను మౌస్ పట్టుకున్నాను.

పోయినేడు బాపుకు పక్షవాతం వచ్చింది. మాట మెల్లగా తిరిగొచ్చింది, కుడిచెయ్యి రాలేదు. ఆయన దవాఖానాలో ఉండగానే ఆయన జోడి ఎల్లయ్య మామ చనిపోయాడు. ముప్పై ఏళ్లు పక్కపక్కన నిలబడి వాయించిన మనుషులు. మాలో జోడి పోతే రెండోవాడే డప్పు కొట్టి సాగనంపాలి. మేము ఆ కబురే బాపుకు నాలుగు రోజులు చెప్పలేదు. అప్పటి పరిస్థితి అలాంటిది, కానీ తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఈ ఏడు మా తమ్ముడి పెళ్లి కుదిరింది. పెళ్లి ఊరేగింపుకు, బరాత్‌కు, బాపు రానన్నాడు.

"నా జోడిని డప్పు కొట్టక ఉత్తగనే సాగనంపిన. ఇగ ఏం మొఖం వెట్టుకొని బరాత్ల నిలవడాలె?"

"నువ్వేడ సాగనంపినవ్? దవఖానల పడి ఉంటివి" అని అమ్మ మొత్తుకుంది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. తమ్ముడి మొహంలో పెళ్లికళ లేదు.

ఇద్దరూ కలిసి వాయించే పెళ్లి దరువును లాప్‌టాప్‌లో కట్టి బరాత్‌లో వేయిస్తే, అది వినడానికైనా బాపు వస్తాడని నాకు ఆశ పుట్టింది.

కంప్యూటర్లో దరువు కట్టడానికి నాకు తెలిసినవి మూడు దారులు. గళ్ల కాగితం లాంటి తెర మీద మౌస్‌తో ఒక్కో దెబ్బా పెట్టడం ఒకటి. చిన్న రబ్బరు ప్యాడ్ల మీద వేళ్లతో వాయించి రికార్డు చేయడం ఇంకోటి. ఎవరో ముందే వాయించి పెట్టిన ముక్కలు తెచ్చి అతికించడం మూడోది. నాది ల్యాబు బుద్ధి, మొదటిదే ఎంచుకున్నాను. మొదటి డప్పు శ్రద్ధగా గళ్లలో పెట్టి, రెండో డప్పుకు అదే కాపీ చేశాను. మా ఇంటి పక్కనే అమ్మవాళ్లిల్లు, వెళ్లి వినిపించాను.

"రెండు డప్పులు ఒక్కతీర్గ వడ్తయా? గిది డప్పు గాదు బిడ్డా, మిషను" అన్నాడు బాపు.

నిజమే. డప్పు ఇంట్లో పుట్టి చేయకూడని తప్పు చేశాను.

మరుసటి వారం నాకు పొద్దుటి షిఫ్టు. మధ్యాహ్నం ఇంటికొచ్చి రెండో డప్పును ప్యాడ్ల మీద వేళ్లతో వాయించాను. వింటే, ప్రతి చుట్టులోనూ ఆఖరి దెబ్బ కాస్త ఆలస్యంగా పడుతోంది. నా వేళ్ల వంకరే అనుకున్నాను. దెబ్బలన్నిటినీ గళ్ల గీత మీదికి లాగే బటన్ ఒకటి ఉంటుంది, నొక్కాను. తెర మీద దెబ్బ గీత మీదే కూర్చుంది. చెవికి మాత్రం ఆలస్యంగానే వినిపించింది.

ఫోన్లో వేసి విన్నాను, అంతే. తమ్ముడి లాప్‌టాప్‌లో వేశాను, అంతే. మా ఆయనకు ఏమీ చెప్పకుండా వినిపిస్తే, "ఆఖర్ల జెర ఎన్కకు వడ్తుంది గదా" అన్నాడు.

అదంతా తీసేసి మౌస్‌తో కొత్తగా పెట్టాను. అదే ఆలస్యం. విసుగొచ్చి మూడో దారి పట్టాను, నెట్‌లో దొరికిన దరువు ముక్కలు తెచ్చి అతికించాను. వాటిని వాయించినవాళ్లెవరో, ఏ ఊరివాళ్లో నాకు తెలియదు. అందులోనూ అదే దెబ్బ, అంతే ఆలస్యం. మూడు పద్ధతుల్లో ఒకే రీడింగ్ వస్తే ల్యాబులో నేను కళ్లు మూసుకుని సంతకం పెడతాను. ఇక్కడ భయం కంటే ఒళ్లుమంటే ఎక్కువైంది.

ఆదివారం పొద్దున ఉన్నదున్నట్టే తీసుకెళ్లి బాపు ముందు పెట్టాను. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వింటున్నవాడు మొదటి చుట్టు పూర్తి కాగానే తలెత్తాడు.

"గా ఆఖరు దెబ్బ ఎవలు కొట్టిన్రు?"

"నేనే బాపూ. ఎంత దిద్దినా సక్కగైతలేదు."

"దిద్దకు" అన్నాడు. ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. "మా ఎల్లిగాడు గట్లనే కొడ్తుండె. ప్రెస్సు షాపుల బొటనేలు పోయినంక సిర్ర జారేది. సదురుకునేసరికి ఆఖరు దెబ్బ ఎన్కకు వడ్తుండె. వాని కోసం నేను ఆగుతుంటి. గది మా ఇద్దరికే ఎరుక."

ఫ్యాక్టరీలో రేకులొత్తే మిషన్ కింద పడి మామ బొటనవేలు పోయిందని నాకు తెలుసు. ఈ సంగతి తెలియదు. చిన్నప్పటి నుంచి విన్నదే కదా, నీ వేళ్లలో ఉండిపోయిందేమో అని తర్వాత మా ఆయన అన్నాడు. నా వేళ్ల సంగతి సరే, మౌస్‌కు ఏమైంది? ఆ నెట్‌లో ముక్కలకు ఏమైంది?

బాపు దరువు ఆపమన్నాడు. ఎడమచేత్తో కుర్చీ చెయ్యి మీద కొట్టడం మొదలుపెట్టాడు. అది పెళ్లి దరువు కాదు, మనిషిని సాగనంపేటప్పుడు కొట్టేది. పెళ్లి పెట్టుకున్న ఇంట్లో దాన్ని నోటితో కూడా పలకరు. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి, ఆయన మొహం చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన మొత్తం కొట్టి, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

మర్నాడు డీజేకు పంపుదామని ఫైలు తెరిచాను. అన్ని దెబ్బలూ సరిగ్గా గీత మీద పడుతున్నాయి. ఫోన్లో ఉన్న పాత కాపీ విన్నాను. అందులోనూ ఆలస్యం లేదు. నేను దేన్నీ ముట్టుకోలేదు.

అది పోతే సంతోషించాలి కదా? నాకు మనసొప్పలేదు. కూర్చుని ఆ ఆఖరి దెబ్బను మౌస్‌తో వెనక్కి జరిపాను, ఇంకాస్త జరిపాను. బాపుకు వినిపిస్తే తల అడ్డంగా ఊపాడు.

"గది నీ దెబ్బ. వానిది గాదు. వాడు పోయిండు బిడ్డా, ఇడిసిపెట్టు."

ఎలా వచ్చిందో, ఎలా పోయిందో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. దయ్యం అని మాత్రం అనను. ఆ మాట ఎల్లయ్య మామకు అంటగట్టడం నాకు ఇష్టం లేదు.

బాపు బరాత్‌కు వచ్చాడు. డీజే బాక్సుల్లో నా దరువు మోగుతుంటే, మా ఆయన డప్పు పట్టుకుని పక్కన నిలబడితే, ఎడమచేత్తో సిటికెన పుల్ల అందుకున్నాడు. తమ్ముడు గుర్రం మీద నుంచి వంగి వంగి చూశాడు. ప్రతి చుట్టు చివరా బాపు చెయ్యి పైకెత్తి ఒక్క క్షణం ఆగేవాడు. పాపం, పక్షవాతం వచ్చిన మనిషి కదా అని చుట్టాలు జాలిపడ్డారు. ఆయన ఎడమచేతికి ఏ జబ్బూ లేదు.