తొమ్మిది సెకన్ల ఆవిరి

సత్యానందం ఆవిరితో మాట్లాడతాడనీ, అది కూడా అతన్ని "మావా" అని పిలుస్తుందనీ విజయనగరమంతా కోడై కూస్తోంది. ప్రోస్టేటు ఉబ్బి మూత్రం ఆగిపోయిన వాళ్లకి, కోత లేకుండా, సన్నటి గొట్టంలోంచి తొమ్మిది సెకన్లు ఆవిరి కొట్టి ఆ ఉబ్బిన కండను చంపే మిషను ఒకటి అక్కడి ఆస్పత్రికి వచ్చింది. దానికి అతనే కాపలా. ఒకప్పుడు రాజాంలో ఉప్పుడు బియ్యం మిల్లు బాయిలరు చూసుకున్నవాడు. తెర మీద అంకెల వంక చూడడు. కాలిన మచ్చలున్న చేత్తో గొట్టం పట్టుకుని, ప్రతి రోగికీ ముందు ఒకసారి ఆవిరిని ఖాళీ గిన్నెలోకి వదిలి, కళ్లు మూసుకుని వింటాడు.

ఆ రోజు బల్ల మీద భావనపాడు దాలయ్య ఉన్నాడు. మత్తుసూదికి నడుము కింద మొద్దుబారింది గానీ నోరు మొద్దుబారలేదు. "నన్ను ఇడ్లీలాగ ఉడకెట్టేత్తావేటి, మావా?" అన్నాడు. సత్యానందం గొట్టాన్ని గిన్నె మీదికి వంచి కళ్లు మూసుకున్నాడు. గిన్నెలో ఆవిరి రోజూలా బుస్సుమనకుండా సన్నగా ఈల వేసింది. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయని డాక్టరు చెయ్యి చాచాడు. సత్యానందం గొట్టాన్ని గుండెకి హత్తుకుని గోడ దాకా వెనక్కి నడిచాడు. "ఉద్యోగం పోతుంది" అన్నాడు డాక్టరు. అయినా ఇవ్వలేదు. చివరికి విప్పి చూస్తే గొట్టం మూతి దగ్గర వెంట్రుకంత చీలిక. లోపలికి వెళ్లుంటే ఆవిరి కండను దాటి పేగును ఉడికించేసేది. దాలయ్య బల్ల మీంచే తల ఎత్తి చూశాడు. "అయితే ఆవిరి నీతో మాటాడతాదన్నది నిజవే, మావా!"

"మాటాడదు. ఈల మారతాది. రాజాంలో మారినప్పుడు నాను టీ తాగతన్నాను. మా తమ్ముడు బాయిలరు కాడే ఉన్నాడు."