కరుణత్త నల్లకోడి తప్పిపోయినప్పుడు

మా చిన్నప్పుడు... కాలనీ నల్లా దగ్గర తెల్లారకముందే బిందెలు వరుస కట్టేవి. బిందెలు నిండేలోపు లోకంలోని ముచ్చట్లన్నీ అయిపోయేవి. ఆ డిసెంబర్ మొదట్లో ఒక పొద్దున మాత్రం మా పక్క క్వార్టర్ కరుణత్త ఒక్కతే మాట్లాడింది... అదీ మా అవ్వ మీద. అవ్వంటే మాకు అమ్మే.

"నా నల్లకోడిని కోసుకొని తిన్నదెవరో నాకు ఎరుకే! క్రిస్మస్‌కని సాదుకున్న కోడి అది. వాళ్ల పెంటకుప్పల ఈకలు సూడుండ్రి!"

ఈకలున్న మాట నిజమే. నల్లవే. ముందురోజు చొప్పదండి నుంచి మా మేనమామ సంచిలో ఒక కోడిని వేసుకొచ్చాడు. అదీ నల్లదే... ఏం చేస్తాం!

"వదినె, అది మా తమ్ముడు తెచ్చిన కోడి" అన్నది అవ్వ. ఎవరూ నమ్మలేదు. ఒట్టు పెట్టుకోవడం తప్పని చర్చిలో నేర్పారు కాబట్టి పాపం ఒట్టు కూడా వెయ్యలేకపోయింది.

మాది గోదావరిఖని దగ్గర బొగ్గుగనుల కాలనీ. మా బాపు, కరుణత్త భర్త ఒకే బాయిలో, అంటే ఒకే గనిలో, పనిచేసేవారు. రెండిళ్లవాళ్లమూ ఒకే చర్చికి పోయేవాళ్లం. అవ్వ, కరుణత్త ఒకే చాప మీద కూర్చొని, ఒకే పాటల పుస్తకం పట్టుకొని పాడేవారు. చుట్టరికం లేకున్నా వదినె అంటే వదినె అని పిలుచుకునేవారు.

ఆ పొద్దుతో అన్నీ బంద్. అవ్వ నల్లా దగ్గరికి రాగానే మాటలు ఆగిపోయేవి. కరుణత్త బిడ్డ సునీత నా ప్రాణ స్నేహితురాలు... "నీతోని ఆడొద్దన్నది మా అవ్వ" అని కిటికీలోంచి చెప్పి రెక్క మూసేసింది.

ఆ ఆదివారం చర్చిలో చాప ఆ కొసన కరుణత్త, ఈ కొసన అవ్వ. అందరం కళ్లు మూసుకొని యేసు నేర్పిన ప్రార్థన చెబుతున్నాం. మాకు అన్యాయం చేసినవాళ్లను మేం క్షమించినట్టే మమ్మల్నీ క్షమించమని అడిగే మాట ఉంటుంది కదా... అక్కడికి రాగానే అవ్వ గొంతు ఆగిపోయింది. ఆ మాట దాటాక మళ్లీ కలిసింది. ఒక కన్ను తెరిచి చూశాను... పెదవులు బిగపట్టి ఉంది. తర్వాతి వారమూ అంతే.

ఇంటికొచ్చాక బాపు నవ్వుతూ అడిగాడు.

"ఏందే, ఆ ఒక్క ముక్క మింగుతున్నవ్?"

"మనసుల లేనిది నోటితోని అంటే దేవునికి అబద్ధం చెప్పినట్టు గాదా?"

"మరి మనసులకు ఎప్పుడొస్తది?"

"ఆమె వచ్చి తప్పయిందంటే వస్తది."

"ఆమె రాకుంటే? సచ్చేదాంక సగం ప్రార్థనేనా నీది?"

అవ్వ లేచి అంట్లు ముందేసుకుంది. ఆ పూట గిన్నెలు మామూలుకంటే గట్టిగా చప్పుడు చేశాయి...

ఒకరోజు నల్లా ఆగిపోయే వేళైంది. సునీతకు జ్వరమని కరుణత్త దవాఖానకు పోయింది. ఆమె బిందెలు ఖాళీగా ఉన్నాయి. అందరూ వాటిని పక్కకు జరుపుతున్నారు. అవ్వ కాసేపు వాటివంకే చూసింది... ముందుకు లాగి, నింపి, ఆమె గడప ముందు పెట్టి వచ్చింది.

కరుణత్త తిరిగొచ్చి, ఎవరు నింపారో తెలుసుకుంది.

"కోడిని మింగి నీళ్లు పోస్తే సరిపాయెనా!" అంటూ అన్నీ మురుగు మోరీలో కుమ్మరించింది.

అవ్వ లోపలికొచ్చి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఇక ఆమె ముఖం కూడా చూడదనుకున్నాను. తెల్లారి కరుణత్త బిందెను వరుసలో పెట్టిపోయింది కానీ, సునీత జ్వరంతో మళ్లీ నల్లాకు రాలేదు. అవ్వ మళ్లీ ఆమె బిందె పట్టింది!

"ఎందుకే అవ్వా? మళ్ల పారబోస్తది."

"పోస్తే పోయనీ బిడ్డా. నింపుతుంటే నా కడుపుల మంట జర తక్కువైతుంది. నాకు గదే కావాలె."

ఈసారి కరుణత్త పారబొయ్యలేదు. లోపలికి తీసుకుపోనూ లేదు. పొద్దుగూకే దాకా బిందె గడప ముందే ఉంది... కాకులు మాత్రం కడుపునిండా తాగాయి.

ఆ ఆదివారం అవ్వ ఆ మాట చెప్పింది. అందరికంటే కొంచెం వెనకబడింది... కానీ పూర్తిగా చెప్పింది. ఆ మూసిన కిటికీ గుర్తొచ్చి నేనే చెప్పలేకపోయాను!

ఇక పండుగ దగ్గర పడింది. ఒక పొద్దున అందరూ నల్లా దగ్గర ఉండగా, క్వార్టర్ల వెనక తుమ్మపొదల్లోంచి "కొక్ కొక్" అంటూ ఒక నల్లకోడి... వెనక పిల్లల దండు! ఎక్కడో గుడ్లు పెట్టి, పొదిగి, దొరసానిలా నడుచుకుంటూ నేరుగా కరుణత్త గడప ఎక్కింది.

బిందె నిండి నీళ్లు పొర్లుతున్నా ఎవరికీ పట్టలేదు. "మా అవ్వ తిన్న కోడి నడుస్తుంది సూడుండ్రి!" అని అరవబోయాను. అవ్వ తడిచేత్తో నా నోరు మూసేసింది.

"వదినె, పిల్లలకు జర నూకలెయ్యి... ఆకలిమీదున్నట్టున్నయ్" అన్నది. అంతే!

కరుణత్త ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. మధ్యాహ్నం మా గడప మీదికొచ్చి కూలబడింది.

"నా నోరు పాడుగాను... తప్పయింది వదినె."

"నేను ఎప్పుడో ఇడిసిపెట్టిన."

"ఎప్పుడు?"

"నువ్వు నీళ్లు పారబోసిన తెల్లారి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఏడుపు... తర్వాత ఆపుకోలేని నవ్వు! అయినా కరుణత్త ఊరుకోలేదు. అందరి ముందు అన్నమాట కాబట్టి, మర్నాడు నల్లా దగ్గర అందరి ముందే తప్పయిందని చెప్పింది.

పిల్లల తల్లిని ఎవరు కోస్తారు! ఆ క్రిస్మస్‌కు రెండిళ్లలోనూ పప్పు, గారెలే. ఒకే పొయ్యి మీద వండారు. సునీత మాత్రం గుమ్మం దగ్గర తల వంచుకొని నిలబడింది. నాకింకా కోపమే. కానీ నేను గారె తుంచి చెరిసగం చేసేసరికి... నా సగమే పెద్దదని అది కొట్లాటకొచ్చింది. అప్పుడనిపించింది, అమ్మయ్య, మళ్లీ మామూలైపోయామని!

ఇప్పుడు కోపమొస్తే ఫోన్‌లో ఒక్క వేలితో మనిషిని తీసేస్తున్నాం... ఇక జన్మలో ఎదురుపడనక్కర్లేదు. అప్పట్లో అలా కాదు. అలిగినా తెల్లారితే ఆ ముఖమే చూడాలి. అలా చూసీ చూసీ ఎప్పుడో ఒకనాడు మనసు కరిగేది...

మీ ఇంట్లో ఎవరైనా అలా మనస్ఫూర్తిగా క్షమించడం మీరు చిన్నప్పుడు చూశారా? ఉంటే కింద రాయండి... ఇవాళ అలాంటి ముచ్చట్లే వినాలనుంది.