మొహమాటానికి వదిలేసిన చేపలు

ఉద్యోగం కొత్తగా, కారు పాతగా ఉన్న ఆ రోజుల్లో అమెరికాలో నీకేది కష్టంగా ఉందని ఎవరైనా అడిగితే చలి అనో, వంట అనో చెప్పేవాణ్ణి. అసలు కష్టం నా మొహమాటమని చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. ఇక్కడివాళ్ళు కాఫీ తాగుతావా అని ఒక్కసారే అడుగుతారు. మనం మర్యాదకి వద్దంటాం. వాళ్ళు సరేనని తమ కప్పు తాము నింపుకుంటారు. (రెండోసారి అడుగుతారేమోనని నేనెన్ని ఇళ్ళలో గుటకలు మింగుతూ కూర్చున్నానో చెప్తే మీరు నవ్వుతారు.) అలాంటి నన్ను నమ్ముకుని, కడుపుతో ఉన్న ఒక మనిషి చేపల పులుసు కోసం ఎదురుచూసింది.

రెడ్‌మండ్‌లో నేనొక గది అద్దెకి తీసుకున్న ఇల్లు అక్కాబావలది. తోడబుట్టిన అక్క కాదు. మొదటి వారంలోనే నన్ను తమ్ముడూ అని పిలిచి పప్పన్నం పెట్టింది, అంతటితో అక్క అయిపోయింది. ఆవిడది గోదావరి ఒడ్డున ఊరు, బావది వరంగల్. అక్కకి ఐదో నెల వచ్చినా వేవిళ్ళు తగ్గలేదు. తిన్నది తిన్నట్టు బయటికి వచ్చేసేది. బరువు పెరగకపోగా తగ్గుతోందని డాక్టరమ్మ కోప్పడింది. ఒకరోజు వంటింటి గోడకి ఆనుకుని కూర్చుని, తనకి తినాలనిపిస్తున్నది ఒక్కటే ఉందని చెప్పింది. అప్పుడే నీళ్ళలోంచి తీసిన చేపతో పులుసు. బావ ఆ మాట పూర్తికాకముందే షాపుకి వెళ్ళి సాల్మన్ తెచ్చాడు. ప్యాకెట్ విప్పగానే అక్క బాత్‌రూమ్‌లోకి పరిగెత్తింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న తెచ్చే చేప సంచిలో ఇంకా కదులుతూ ఉండేదట, ఐస్ వాసన వస్తే అది చేపే కాదట. ఆ సాయంత్రం నేను హాల్లో లేచి నిలబడి, చేప పట్టుకొచ్చే పూచీ నాదని ప్రకటించాను. అప్పటివరకు నేను పట్టినది కారు మొరాయించినప్పుడు ఆఫీస్‌కి వెళ్ళే బస్సొక్కటే.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. ఆయన టోపీ నిండా చేపలకి ఎరగా రంగురంగుల ఈకలతో కట్టిన దొంగ ఈగలు గుచ్చి ఉండేవి, అందుకని అక్క ఆయనకి టోపీ తాత అని పేరు పెట్టింది. మంచు కరిగే రోజులు రాగానే ఆయన కొండల్లో ఉన్న రిజర్వాయర్‌కి ట్రౌట్ చేపల కోసం వెళ్తాడని తెలిసి, నాకూ నేర్పమని అడిగాను. (అంతవరకు అడగగలిగాను. ఎందుకో మాత్రం చెప్పలేదు.) ఆయన మొహం వెలిగిపోయింది. ఇంటి వెనక గడ్డిలో నాకు గాలం కర్ర విసరడం నేర్పాడు. వెనక్కి విసిరాక దారం చాపుకునేదాకా ఆగాలి, అప్పుడే ముందుకి విసరాలి. నేను ఆగేవాణ్ణి కాదు. ఈగ వెళ్ళి నా చొక్కా వీపుకో, బావ జుట్టుకో తగులుకునేది. ఆ పాఠాల మధ్యలోనే ఆయన తాను చేపని చంపడం మానేసి చాలా ఏళ్ళయిందని, పట్టడం, చూడడం, వదిలెయ్యడం, అదే తన ఆనందమని చెప్పాడు. ఇక అక్క పులుసు గతేంటి అనుకున్నాను. బయటికి మాత్రం చాలా గొప్ప పద్ధతి అన్నాను.

శనివారం పొద్దున తాతా, బావా, నేనూ వెళ్ళాం. చుట్టూ కొండల మీద ఇంకా మంచు, నీళ్ళ మీద పల్చని పొగ. అక్క చింతపండు నానబెట్టి ఉంచుతానంది. బావ ఐస్ పెట్టె, కత్తి పట్టుకుని ఒడ్డున కుర్చీ వేసుకున్నాడు. ఆ పెట్టెలో మా లంచ్ ఉందనుకున్నాడు తాత. ఛాతీ దాకా వచ్చే రబ్బరు లాగు తొడుక్కుని నేను నీళ్ళలోకి దిగాను. కాళ్ళు కొయ్యబారాయి. ఎంతసేపు విసిరానో తెలియదు, ఒక్కసారిగా దారం బిగిసింది. చేతిలో ఏదో ప్రాణం కొట్టుకుంటున్నట్టనిపించి నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. తాత వలలోకి తీసి చూపించాడు. ఒంటి పక్కన గులాబీ చార, వీపంతా నల్లటి చుక్కలు. అంత అందమైనదాన్ని అంత దగ్గరగా నేనప్పటిదాకా చూడలేదు. "చేతులు తడుపుకుని పట్టుకో. దానికి బలం వచ్చేదాకా ఆగు, అదే వెళ్తుంది" అన్నాడాయన, తన మనవడికి చెప్తున్నట్టుగా. నేను చేతులు తడుపుకున్నాను. అడుగుదామని నోరు తెరిచాను. చేప తోక విదిల్చి వెళ్ళిపోయింది.

ఒడ్డున బావ లేచి నిలబడ్డాడు. తర్వాత పడిన చేప ఇంకా పెద్దది. తాత నా భుజం తట్టి, నీలాంటి శిష్యుడు దొరకలేదన్నాడు. ఇక ఆ మనిషి ముందు దీన్ని ముక్కలు చేసి పులుసు పెట్టుకుంటామండీ అని ఎలా చెప్పను? అదీ వెళ్ళిపోయింది. బావ ఇక ఆగలేక ఒడ్డు అంచుకి వచ్చాడు.

"ఏందిరా బామ్మర్దీ, చేపల్ని పట్టి నీళ్ళకే దానం చేస్తున్నవ్? ఆడ మీ అక్క రెండు దినాల సంది ఏం తినలే. నోరు తెరిచి అడుగురా."

అక్క మొహం గుర్తొచ్చింది. చెవులు కాలిపోతుండగా తాత దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పేశాను. ఇక్కడ చేపలు ఇంటికి తీసుకెళ్ళడానికి రూల్ ఒప్పుకుంటుంది, మానేసింది నేనొక్కడినే, పొద్దున్నే ఈ మాట చెప్పి ఉండాల్సింది కదా అన్నాడాయన. మర్నాటిదాకా విసరడానికైనా నేను సిద్ధమే. కానీ గాలి లేచింది, నీళ్ళు చెదిరాయి, ఆ తర్వాత ఒక్క చేపా మా వైపు చూడలేదు. ఖాళీ పెట్టెతో ఇంటికొచ్చాం. అక్క నానబెట్టిన చింతపండు గిన్నె మీద మూతపెట్టి వెళ్ళి పడుకుంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే టోపీ తాత. రబ్బరు లాగు ఇంకా విప్పలేదు. చేతిలో బకెట్, అందులో నీళ్ళు, నీళ్ళలో కదులుతూ ఒక ట్రౌట్. అంత దూరం, ఆ కొండ దారిలో, దాన్ని ప్రాణంతో తీసుకురావడానికి ఎన్ని అవస్థలు పడ్డాడో ఆయన చెప్పలేదు. "కదులుతూ ఉండాలన్నావుగా" అన్నాడంతే. అక్క గుమ్మంలోకి వచ్చి బకెట్‌లోకి తొంగిచూసి ఏడ్చేసింది.

చేపని ఆయనే వెనక్కి తీసుకెళ్ళి శుభ్రం చేసి తెచ్చాడు. (మేమెవరం ఆయన వెంట వెళ్ళలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆయన టోపీ చేతిలో ఉంది.) పులుసు అక్కే పెట్టింది. గరిట పెట్టకుండా, ముక్క చెదురుతుందని గిన్నె రెండు పక్కలా పట్టుకుని తిప్పింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోలేదు. ముద్ద కలిపి తింది, మళ్ళీ కలిపింది. బావా నేనూ ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. తిన్నది లోపలే ఉంది. పక్కన తాతకి కారానికి ముక్కు ఎర్రబడి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అక్క రెండోసారి వడ్డిస్తుంటే వద్దనలేదు, చాలా బాగుందని చెప్పి గ్లాసెడు నీళ్ళు తాగాడు. మొహమాటం మన సొత్తే అని అన్నేళ్ళు అనుకున్నానా, ఆ రోజు ఆయన్ని చూసి నాకు బంధువు దొరికినట్టయింది.

చివరికి గిన్నెలో ఒక్క ముక్క మిగిలింది. నేనప్పటికి ఉత్త పులుసే వేసుకుని తిన్నాను. వాసనకి నోరూరిపోతోంది. అక్క గిన్నె నా వైపు వంచి, "తమ్ముడూ, వేయనా?" అంది.

నోరు తెరిచి అడగాలని ముందురోజే అంత పెద్ద పాఠం నేర్చుకున్నవాణ్ణి కదా. "వద్దక్కా, కడుపు నిండిపోయింది" అన్నాను. అక్క రెండోసారి అడగలేదు. ఆ ముక్క తన కంచంలో వేసుకుని, ముల్లు తీసుకుంటూ నెమ్మదిగా, హాయిగా తింది. అప్పటి నాలోని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. కానీ ఆ ఒక్కసారికి మాత్రం, కడుపు నిండిందని వాడు నిజమే చెప్పాడనిపిస్తుంది.