చిరిగితేనే తీసుకుంటాను

దమారిస్ హోల్‌బెక్ పని కాలితో. థేమ్స్ ఒడ్డున రాజమందిరంలో రాచబిడ్డ పడుకున్న చెక్కతొట్టిని పాదంతో ఊపుతూ, చేతులతో గుడ్డల అంచులు కుట్టేది. ఆమె ఊపిన ముగ్గురు బిడ్డల్లో ఒక్కరూ తొట్టి దాటలేదు. ఒకరిని జ్వరం, ఒకరిని మూర్ఛ తీసుకుపోయాయి. మూడోవాడు ఎందుకు పోయాడో ఎవరికీ తెలియదు.

రాచబిడ్డ పోతే తొట్టిలోని గుడ్డలు ఊపినవాళ్లకు చెందడం అక్కడి ఆనవాయితీ. మిగతావాళ్లు అమ్ముకునేవాళ్లు. దమారిస్ మూడు మూటలూ పెట్టెలో దాచింది. సన్నని నారబట్ట, మడత నలగలేదు. పెట్టె తెరిచినప్పుడల్లా ఆ కొత్తదనమే ఆమె గుండెను కోసేది.

రాణిగారికి నాలుగోసారి నెలలు నిండాయి. ఒక మధ్యాహ్నం దమారిస్ అంచు కుడుతూ ఉంటే, అలవాటుపడ్డ పాదం తనంతట తనే పక్కనున్న ఖాళీ తొట్టిని ఊపేసింది. ఖాళీ తొట్టి ఊపితే రాబోయే బిడ్డ దక్కదని అక్కడ అందరి నమ్మకం. జావ గిన్నెతో వచ్చిన వంటవాడు హాబ్ అది చూడనే చూశాడు.

“నీ కాలి మహిమ చాలలేదా తల్లీ? పుట్టకముందే మొదలెట్టావు!”

“నా కాలి సంగతి తరవాత. నీ నోటికి మూతెయ్యి.”

మూత పడలేదు. సాయంత్రానికి మాట పెద్దదాది ఆస్ట్విక్ దొరసాని చెవిన పడింది.

“రేపట్నుంచి చాకలింటి పనికి పో. తొట్టి దగ్గరికి రాకు.”

“పోను, అమ్మగారూ.”

“ఏవన్నావ్?”

“పోనన్నాను. ఇంకెవరు ఊపుతారు? కొత్తగా వచ్చిన ఆ జోన్ పిల్లా? అది ఆ తొట్టిని చూస్తేనే వణుకుతోంది. వణికే కాలు ఊపితే పిల్లకి నిద్రేం పడుతుంది?”

“ముగ్గురు పోయారే, పిచ్చిదానా!”

“ముగ్గుర్నీ కడదాకా ఊపింది నేనేగా! ఇదిగో, అందరి ముందూ చెబుతున్నా. ఈసారి కొత్త గుడ్డలు నాకొద్దు. ఈ బిడ్డ వాడి వాడి చింపితేనే తీసుకుంటాను.”

దొరసాని ఆమెను ఎగాదిగా చూసింది. “మొండిఘటం! ఆ పీట కిటికీకి ఎడంగా జరుపుకో. గాలి కొడుతుంది.”

ఆడపిల్ల పుట్టింది. దగ్గింది, ఏడ్చింది, పాలు కక్కింది, బతికింది. పొత్తిగుడ్డలు చాలక వాటినే కత్తిరించి గౌన్లు కుట్టారు. పిల్ల తొట్టి పట్టనంత ఎదిగాక, మరే కాలూ తగలకుండా దమారిస్ ఆ తొట్టిని అటకమీద బోర్లించింది. పిల్ల వంటశాలకు పరుగెత్తి హాబ్ దగ్గర అల్లంరొట్టె గుంజుకునేది.

“నీ కాలు మంచిదేనమ్మా, ఒప్పుకున్నా. దీని కాళ్లే నా ప్రాణం తీస్తున్నాయి,” అనేవాడు వాడు.

నాలుగో ఏట మశూచి వచ్చింది.

ఖననమయ్యాక ఆస్ట్విక్ దొరసాని మూట పట్టుకుని గుమ్మంలో నిలబడింది. “నువ్వు వద్దన్నావుగా. పాతగుడ్డలవాడికి ఇచ్చేయనా?”

దమారిస్ మూట విప్పింది. గౌన్లు మోకాళ్ల దగ్గర అరిగిపోయాయి. అతుకు మీద అతుకు. అంచున చెర్రీపండు మరక, ఎన్ని ఉతుకులకూ పోనిది.

“ఇలా తెండమ్మా. ఇవి నావి.”

పెట్టెలో ఆ మూడింటి మీద దాన్ని పెట్టింది. మూత పడలేదు. మోకాలితో అదిమి మూసింది.

మర్నాటికి కబురు పాకింది, రాణిగారికి మళ్లీ నెల తప్పిందని. తొట్టి దించడానికి జోన్ అటకెక్కబోతుంటే దమారిస్ ఆమె పావడా పట్టి ఆపింది.

“దాన్ని బోర్లానే ఉండనీ. బిడ్డ ఏడుపు వినబడ్డాక నేనే దించుతాను.”