ఇరవై రెండో ఆర్టికల్

మార్కాపురం నుంచి గిద్దలూరు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ పేరు మరియమ్మ. కూలిపనులు చేస్తుంది. మాటల్లో తన తమ్ముడి సంగతి చెప్పింది.

"ఊళ్లో గొర్రెలు పోయినాయి నాయనా. పోలీసోళ్లు ఇంకెవురినీ అడగలా. నేరుగా మా ఎస్సీ పల్లెకొచ్చి మా తమ్ముణ్ణి పట్టుకపోయినారు."

రెండు రోజులైనా వదల్లేదు. మూడోనాడు ఆమె చర్చికొచ్చే ఆడవాళ్లను పదిమందిని వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లింది.

"ఇరవై నాలుగు గంటల్లో జడ్జి ముందర పెట్టాల గదా సార్, ఎందుకు పెట్టలా? ఏం కేసో కాగితం ఇయ్యండి, పోతాం" అని అక్కడే కూర్చుందట.

కేసే రాయలేదు కాబట్టి కాగితం లేదు. సాయంత్రానికి తమ్ముణ్ణి వదిలారు. కుంటుకుంటూ బయటికొచ్చాడట.

"ఈ చట్టం నీకెలా తెలుసమ్మా?" అన్నాను.

"మా చర్చిలో ఆదివారం వాక్యంతో పాటు రాజ్యాంగం గూడా కంఠతా పెట్టిస్తారు. ఆర్టికల్ ఇరవై రెండు నీకు రాదా ఏంది?"

డిగ్రీ చదివిన నాకు రాదు. ఆ మాటే ఒప్పుకున్నాను.

"అట్లయితే ఎట్ల? రేపు నిన్ను పట్టుకపోతే ఏం చెప్తావు?" అంది. గిద్దలూరు వచ్చేలోపు ఆ ఆర్టికల్ నాకు నేర్పి, మూడుసార్లు అప్పజెప్పించుకుంది.