పాడని చరణం

మొన్న మైపాడు రోడ్డు మీద, రెండు పార్టీల జెండాలు ఒకే కర్రకు కట్టుకుని ఎన్నికల వ్యాను వెళ్ళింది. వెనకనే డప్పు తోలును మంట దగ్గర కాస్తున్న వాసన. ఆ వాసన వస్తే నాకు ఖాసిం సాయిబన్నా, నా తెలివితక్కువతనమూ జంటగా గుర్తొస్తాయి. మా బావ భూస్వాముల పార్టీ మనిషని, అక్క ఇంట్లో మెతుకు ముట్టనని ఒట్టు పెట్టుకున్న ఘనుణ్ణి నేను. పార్టీ నన్ను అడగలేదు, బావ పట్టించుకోలేదు. నష్టపోయింది నా పొట్ట ఒక్కటే.

ఖాసిం అన్న పగలు ఇందుకూరుపేట చుట్టుపక్కల గిన్నెలకు కళాయి వేసేవాడు. సాయంత్రాలు ఎర్రజెండా పార్టీ బుర్రకథ చెప్పేవాడు. బుర్రకథలో కథకుడికి కుడిపక్క వంత రాజకీయం మాట్లాడాలి, ఎడమపక్క వంత నవ్వించాలి. నేను ఎడమపక్క. గుమ్మెట పట్టి దరువు వెయ్యడమూ, జనం నవ్వేదాకా ఓపిక పట్టడమూ నేర్పింది ఆయనే.

"మీ అక్కింటికి పోతన్నావా లేదా రా?" అని అడిగేవాడు.

"ఆ పార్టీ కూడు నాకొద్దన్నా."

"కూటికి పార్టీ ఏందిరా? పులుసులో చేపను ఏ పార్టీ అని అడిగి తింటావా?"

ఆయన కథలో ఒక చరణం సొంత గోడు. వాళ్ళన్న మస్తాను కౌలుకు చేస్తున్న పొలం కోతకొచ్చిన వేళ, ఆ పొలం ఆసామి పెదకామందు అతణ్ణి గెంటించాడు. ఊరు విడిచిన మస్తాను మళ్ళీ రాలేదు. ఆ చరణం పాడేటప్పుడు ఖాసిం అన్న మా మొహాలు చూసేవాడు కాదు.

అరవైల్లో ఒక ఎన్నికకు, పాలిస్తున్న పార్టీని ఓడించడానికి మా పార్టీ, బావ పార్టీ ఒకటయ్యాయి. ఉమ్మడి అభ్యర్థి పెదకామందే! నెల్లూరు నుంచి మా నాయకుడొకాయన వచ్చి, "ఆ ఒక్క చరణం వదిలెయ్ సాయిబూ. ముందు పెద్ద శత్రువును ఓడించాల గదా," అన్నాడు.

ఖాసిం అన్న తంబురా తీగను బిగించిందే బిగిస్తూ కూర్చున్నాడు. చివరికి, "పార్టీ మాట దాటింది లేదు. పాడను," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. హాస్యగాడికి అంతకంటే అప్రతిష్ఠ లేదు.

కామందు కళ్ళంలోనే కథ. ముందు కుర్చీలో ఆయనే. ఆ చరణం చోటు రాగానే ఖాసిం అన్న నోరు మూసుకున్నాడు. నేను దరువు ఆపాలి, ఆయన తర్వాతి చరణం ఎత్తుకోవాలి. నేను ఆపలేదు. పాట లేకుండా ఆ చరణం దరువే వాయిస్తూ పోయాను. కామందు తొడ మీద తాళం వేస్తున్నాడు. అప్పుడు జనంలోంచి ఒక గొంతు లేచింది:

"కొడవలెత్తక ముందె గెంటినావయ్యా..."

మా బావది! ఆ వెంటనే కళ్ళమంతా అందుకుంది. కామందు చెయ్యి తొడ మీదే ఆగిపోయింది.

కథ కాగానే నాయకుడు మండిపడుతూ వచ్చాడు. "నేనొక్క ముక్క పాడలేదు గదయ్యా," అన్నాడు ఖాసిం అన్న, తలపాగా కొసతో కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత నా మొహం చూశాడు, చాలాసేపు.

"పాటంతా నీకెట్లా వచ్చు బావా?" అని అడిగాను.

"పాట మీ పార్టీదే. చెవులు నావి గదా. రేపు అన్నానికి రా."

వెళ్ళాను. బావకు మిగల్చకుండా పులుసంతా నేనే ఊడ్చాను.

ఖాసిం అన్న పోయి చాలా ఏళ్ళయింది, బావా లేడు. అక్క నా దగ్గరే ఉంటోంది. మొన్న ఆ వ్యాను మా గుమ్మం ముందు ఆగి మైకు అరుస్తుంటే, కుర్చీ చేతి మీద ఆ దరువే వాయించాను. రాజకీయాల మీద నేను తీర్చుకోగలిగిన పగ అంతే. మైకు ఆగలేదు. వంటింట్లోంచి అక్క మాత్రం సన్నగా అందుకుంది.