గడి వాకిట్లో ఆ మాట

చందుర్తి దాటాక ఒక ఊళ్లో పాత దొరల బంగళాను, అంటే గడిని, బాగుచేయించి అతిథులకు తెరిచారంటే, జగిత్యాల నుంచి మా ఆఫీసు వాళ్లందరం ఓ ఆదివారం భోజనానికి వెళ్లాం. అమ్మనూ వెంట తీసుకెళ్లాను. ఆమె పుట్టిన ఊరే అది. తాతది గీత పని. రోజూ గడికి కల్లు ఊరికే పోసి రావాల్సిందే. ఆయన వెంట వాకిలి దాకా వెళ్లడమే తప్ప అమ్మ ఏనాడూ లోపల అడుగుపెట్టలేదు.

మేం వ్యాను దిగగానే, భుజాన గొంగడి వేసుకున్న నలభై ఏళ్ల మనిషి నేలదాకా వంగాడు.

"బాంచెన్ దొరా, కాల్మొక్కుత!"

మావాళ్లు పగలబడి నవ్వారు. ఒకాయన ఫోన్ తీసి "ఇంకోసారి అను" అన్నాడు. అతను మళ్లీ వంగాడు. నా ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ వెళ్లి అతని భుజం పట్టుకుంది.

"లే కొడుకా. ఎందుకు వంగుతున్నవ్?"

"డ్యూటీ అమ్మా," అన్నాడతను తల దించుకుని.

గడి యజమానురాలిని పిలిపించాను. పాత దొర మనవరాలు. నవ్వుతూ వచ్చింది.

"ఈ బానిస మాట మనిషితో అనిపించడానికి మీకు మనసెట్లా ఒప్పింది?" అని గట్టిగానే అడిగాను.

"ఉత్త యాక్టింగ్ సార్. గెస్టులకు మస్తు నచ్చుతది."

"మాకు యాక్టింగ్ గాదు బిడ్డా," అంది అమ్మ. "గా మాట అనుడు ఆలస్యమైందని మీ తాత మా నాయినను గీ వాకిట్లనే కొట్టిచ్చిండు. నా కండ్లతోని సూసిన."

యజమానురాలి ముఖంలో నవ్వు పోయింది. ఇక అనిపించనని అందరి ముందూ మాటిచ్చింది. అమ్మ లోపలికి వెళ్లి కడుపునిండా తిన్నది. తిరిగొస్తుంటే వ్యానులో ఒకాయన, "ఎప్పటి సంగతులో తీసి మూడ్ పాడు చేశారు" అని నన్నే తప్పుపట్టాడు.

కొన్నాళ్లకు కోరుట్ల మిత్రుడొకరు ఫోన్‌లో వీడియో చూపించారు. అదే మనిషి, అదే వంగడం. ఈసారి మా మేనమామ కొడుకులనూ, ఊరివాళ్లనూ వెంటేసుకుని వెళ్లి గేటు ముందు కూర్చున్నాను. సాయంత్రానికి యజమానురాలు దిగివచ్చింది. ఆ మాట అప్పటినుంచి ఆగింది.

కానీ లోపలి గోడల నిండా దొరల ఫోటోలే. వాకిట్లో దెబ్బలు తిన్నవాళ్ల గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు. అడిగితే, "గెస్టులు హాయిగా ఉండడానికి వస్తరు సార్" అన్నది. ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు.